టమాటాకి పిలకలు గిల్లాలా, తల తుంచాలా?

మిద్దెతోట, ఒంగోలు:
అందరికీ నమస్కారం. మిద్దె మీద తొట్లలో టమాటా వేశాను, కొన్ని పీకేఎం-1, కొన్ని చెర్రీ టమాటా. వానలకి తెగ గుబురుగా పెరిగాయి, పూత మాత్రం తక్కువ. వీడియోల్లో ఆకుల పక్కన లేచే పిలకలన్నీ గిల్లేయమంటున్నారు, మా మామయ్యగారేమో పొగాకు పండించిన మనిషి, తల తుంచమ్మా బలం వస్తుంది అంటున్నారు. ఏం చేయాలో తెలియక టెన్షన్‌గా ఉంది.

టంగుటూరు రైతు:
అక్కా, పొగాకులో మనకు కావాల్సింది ఆకు. అందుకే పూమొగ్గ రాగానే తల తుంచి, తర్వాత వచ్చే పిలకలు కూడా తీసేస్తాం, బలమంతా ఆకుకి పోవాలని. టమాటాలో కావాల్సింది కాయ, ఇప్పుడే తల తుంచితే పైన రావాల్సిన గుత్తులన్నీ పోతాయి.

పీకేఎం-1 పొట్టి రకం, కొంత ఎత్తుకొచ్చాక కొమ్మ చివర పూగుత్తి వేసి ఆగిపోతుంది. కాపు ఎక్కువగా ఆ పిలకలు పెరిగి వచ్చే పక్క కొమ్మల మీదే, అవన్నీ గిల్లితే కాపు పోయినట్టే. మొదటి పూగుత్తి కింద ఉన్నవి మాత్రం తీయండి, చాలు. చెర్రీలో ఎక్కువ రకాలు ఆగకుండా తీగలా పోతాయి, గిల్లాల్సింది వీటికే. ఆకు కాండానికి అతుక్కున్న చోట లేచే పిలకని వేలంత కాకముందే చేత్తో తుంచేయండి, మొదటి గుత్తికి సరిగ్గా కింద ఉన్నదాన్ని మాత్రం రెండో కొమ్మగా వదిలి రెండిటినీ కర్రకు కట్టండి. పూగుత్తి ఆకు దగ్గర రాదు, రెండు ఆకుల మధ్య కాండం మీద వస్తుంది, పొరపాటున అది తుంచొద్దు. గుబురు ఎక్కువై పూత తక్కువైందంటే నత్రజని ఎక్కువైందేమో, యూరియా వేస్తుంటే ఆపి చూడండి.

నెల్లూరు నుంచి:
అన్న చెప్పింది కరెక్ట్. ఈ వానల్లో మట్టికి తగిలే కింది ఆకులు తీసేయండి, చిందే మట్టి నుంచే ఆకుమచ్చ ఎక్కుతుంది. చెట్టు తడిగా ఉన్నప్పుడు మాత్రం ముట్టుకోవద్దు. కాయల మీద నీడనిచ్చే ఆకులు తీయకండి, మన ఎండకి కాయ మీద తెల్లగా కాలిన మచ్చ పడుతుంది. తల తుంచడం మామయ్యగారు చెప్పినట్టు చేయొచ్చు, కానీ చెర్రీకే, అదీ కాపు చివర్లో, పై గుత్తి మీద రెండు ఆకులు ఉంచి. పగలు 35 డిగ్రీలు దాటి రాత్రి కూడా ఉక్కగా ఉంటే కొత్త పూత ఎలాగూ రాలిపోతుంది, అప్పుడు తల తుంచితే ఉన్న కాయలైనా ఊరతాయి.

మిద్దెతోట, ఒంగోలు:
చాలా థ్యాంక్స్ అండీ. ఒక చెట్టుకి పై ఆకులు ముడుచుకుని చిన్నవైపోయాయి, ఆ కొమ్మ కత్తిరిస్తే బాగవుతుందా?

టంగుటూరు రైతు:
అది తెల్లదోమ తెచ్చే ఆకుముడత వైరస్ అయితే కత్తిరించినా తగ్గదు అక్కా, లోపలంతా పాకి ఉంటుంది. పీకి సంచిలో కట్టి పారేయండి, మిగతా చెట్లకి తెల్లదోమ అంటుకునే పసుపు జిగురు అట్టలు కట్టండి. ఇంకొకటి, మామయ్యగారు చుట్టో బీడీనో ముట్టుకుని ఉంటే సబ్బుతో చేతులు కడుక్కున్నాకే పిలకలు గిల్లమనండి, పొగాకులోని మొజాయిక్ వైరస్ చేతుల నుంచే టమాటాకి అంటుకుంటుంది.