తాతగారి 1965 అంబాసిడర్: బాగుచేయించి అమ్మాలా, ఉన్నది ఉన్నట్టు అమ్మేయాలా?

కోటవీధి (పర్లాకిమిడి):
అందరికీ నమస్కారం. మా తాతగారి అంబాసిడర్ ఒకటి ఇంటి వెనక షెడ్డులో ఏళ్ల తరబడి నిలబడిపోయి ఉంది. 1965 మార్క్ టూ, పెట్రోలు బండి, గేరు రాడ్డు స్టీరింగు పక్కనే ఉండే రకం. తాతగారు డాక్టరు. రాత్రిపూట పాతపట్నం, మెళియాపుట్టి వైపు నుంచి కబురొస్తే ఇందులోనే వెళ్లేవారట. ఆయన పోయారు, నాన్నగారూ పోయారు. అమ్మ ఈ ఇల్లు ఖాళీ చేసి విశాఖలో నా దగ్గరికి వచ్చేస్తోంది. కాబట్టి "అమ్మకండి, జ్ఞాపకంగా ఉంచుకోండి" అని మాత్రం దయచేసి రాయకండి. పెట్టుకోడానికి మాకు చోటు లేదు.

బండి సంగతి: ఇంజిన్ జామ్ అయింది. టైర్లు రిమ్ముల దాకా మట్టిలో దిగిపోయాయి. సీట్లలో పీచు ఎలకల పాలైంది. అద్దాలన్నీ బాగానే ఉన్నాయి. గ్రిల్లు పాతదే. ఆర్సీ పుస్తకం ఉంది, కానీ ఇంకా తాతగారి పేరు మీదే.

తుక్కు కొట్టువాడు కిలో లెక్క చెప్పాడు, అది వదిలేయండి. విశాఖ నుంచి ఒకాయన వచ్చి చూసి, ఉన్నది ఉన్నట్టు తొంభై వేలు ఇస్తానన్నాడు. ఇక్కడి టింకరింగ్ షెడ్డువాళ్లేమో రెండున్నర లక్షలు పెడితే పెళ్లికూతురిలా తయారుచేస్తాం, ఆరు లక్షలు పలుకుతుంది అంటున్నారు. మా తమ్ముడికి ఈ రెండో మాట బాగా నచ్చింది. నాకు అనుమానంగా ఉంది. పాత బండ్లు తెలిసినవాళ్లు చెప్పండి.

షెడ్డు శీను (బరంపురం):
అమ్మా, ఆరు లక్షలు పలుకుతుంది అన్నవాణ్ణే ఆ ధరకి కొనమనండి. అక్కడే తేలిపోతుంది.

నేను బరంపురంలో మెకానిక్ పని చేస్తాను. అంబాసిడర్లు విప్పీ విప్పీ చేతులు అరిగిపోయినవాణ్ణి. ఇలాంటి బండి కొనడానికొచ్చేవాడు రంగు చూడడు. వంగి కింద చూస్తాడు. జేబులో చిన్న అయస్కాంతం పెట్టుకుని వస్తాడు, తలుపుల కింద, మడ్‌గార్డుల అంచున ఆనించి చూస్తాడు. ఇనుము ఉన్నచోట అంటుకుంటుంది, లప్పం ఉన్నచోట జారి పడిపోతుంది. కొత్తగా రంగు కొట్టిన పాత బండి అంటేనే కొనేవాడికి గుబులు, లోపల ఏం దాచారో అని. తుప్పు బయటికి కనబడుతున్న బండికి వాడు లెక్క వేసుకోగలడు. దాచిన తుప్పుకి ఎంత లెక్క వేస్తాడు? ఎక్కువే వేస్తాడు.

ఇంకో సంగతి. అంబాసిడర్‌కి లారీలా కింద విడిగా ఛాసిస్, అంటే ఇనుప చట్రం, ఉండదు, బాడీయే ఛాసిస్. తలుపుల కింద ముందు నుంచి వెనక్కి పొడవాటి పెట్టెలాంటి పట్టీ ఉంటుంది చూడండి, బలమంతా అందులోనే. అది పుచ్చిపోయిందని తెలియకుండా పైన రేకు అతికించి వెల్డింగు కొట్టారంటే బండి మధ్యలో కిందికి దిగుతుంది, తలుపులు పడవు. మీ షెడ్డువాళ్లు ఆ పట్టీ మాట ఎత్తారా? డ్రైవరు కాళ్ల దగ్గర రబ్బరు మ్యాటు ఎత్తి, స్క్రూడ్రైవరుతో నెమ్మదిగా పొడిచి చూడండి. తర్వాత బయటికొచ్చి పట్టీనీ కింద నుంచి అలాగే చూడండి. ఏమైందో ఇక్కడ రాయండి.

మిల్లు బాబాయ్ (గుణుపురం):
ఏటమ్మా, డాక్టరు గారి బండి తొంభై వేలకా! ఆ ఇశాపట్నం ఆయన తీసుకెళ్లి రంగేసి మూడింతలకి అమ్ముకుంటాడు, నువ్వు సూస్తూ కూకుంటావు.

నా మాట ఇను. పెట్రోలు ఇంజను పీకీసి డీజిలింజను ఎక్కించీ. తెల్లరంగు కొట్టించీ. ఈ పక్క పెళ్లిళ్లకి పాత అంబాసిడరంటే పడి సస్తన్నారు. మా మిల్లు బండికి ఎప్పుడో మేటడోరు వ్యాను ఇంజను ఏసీసినాం, ఘాట్ రోడ్డు గుక్కతిప్పుకోకుండా ఎక్కీసీది. మీ తమ్ముడు సెప్పిందే రైటు.

పాత ఫైలు (రాయగడ):
రవాణా ఆఫీసులో పనిచేసి రిటైరయ్యాను. బాబాయ్ గారి సలహా వింటే ఆ బండికి ఉన్న అసలు విలువ పోతుంది. ఎందుకో చెబుతాను.

2021 జులైలో కేంద్రం మోటారు వాహనాల నిబంధనల్లో వింటేజ్ బండ్లకంటూ విడిగా ఒక పద్ధతి తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ అయి 50 ఏళ్లు దాటిన సొంత వాడకం కార్లు, స్కూటర్లు, మోటారు సైకిళ్లకి అది వర్తిస్తుంది. షరతు ఏమిటంటే బండి మొదట ఎలా ఉందో అలాగే ఉండాలి. ఛాసిస్‌లో గానీ, బాడీలో గానీ, ఇంజిన్‌లో గానీ పెద్ద మార్పులు చేసి ఉండకూడదు. మీది 1965ది కాబట్టి వయసు సరిపోయింది. డీజిల్ ఇంజిన్ ఎక్కించారా, ఆ తలుపు మూసుకున్నట్టే.

ఫీజు కొత్త రిజిస్ట్రేషన్‌కి 20,000, ఆ తర్వాత తిరగరాయించుకోడానికి 5,000. పదేళ్లు చెల్లుతుంది. కొత్తగా చేసేవాటికి వీఏ సిరీస్ నంబరు ఇస్తారు గానీ, ఇదివరకే నంబరు ఉన్న బండి పాత నంబరే ఉంచుకోవచ్చు. ఓఆర్‌జీతో మొదలయ్యే గంజాం నంబరు అయితే దాని మీద మోజుపడేవాళ్లు ఉంటారు.

ఇక మీరు నిజంగా పట్టించుకోవలసింది రంగు కాదు, ఆర్సీ. చనిపోయినవారి పేరు మీది బండిని మీరు అమ్మలేరు. ముందు ఫారం 31 పెట్టి వారసుల పేరు మీదికి మార్చుకోవాలి. దానికి తహసీల్దారు ఇచ్చే వారసుల సర్టిఫికెట్, మిగతా వారసుల అభ్యంతరం లేదన్న సంతకాలు కావాలి. మేనత్తలు ఉన్నారా? వాళ్లవీ కావాలి. ఆ తర్వాత కొనేవాడి పేరుకి మార్చడానికి ఫారం 29, 30. బండి ఒడిశాది, కొనేవాడు ఆంధ్రావాడు కాబట్టి ఫారం 28తో ఎన్ఓసీ, అంటే వేరే రాష్ట్రానికి వెళ్లడానికి అభ్యంతరం లేదన్న కాయితం. మీ పర్లాకిమిడి ఉన్న గజపతి జిల్లా గంజాం నుంచి విడిపోయి ఏర్పడిందే 1992 అక్టోబర్ 2న, అందుకని మీ బండి పాత రిజిస్టరు గంజాం ఆఫీసులో వెతికించాల్సి వస్తుంది. చేత్తో రాసిన ఆ రికార్డు కంప్యూటర్లోకి ఎక్కితే గానీ ఏ పనీ కదలదు.

మిల్లు బాబాయ్ (గుణుపురం):
ఆ వింటేజీ కాయితం ఉంటే రోజూ తిప్పకూడదంట గదా? కిరాయికి అసలే తిప్పకూడదంట. ప్రదర్శనలకీ, ర్యాలీలకీ, పెట్రోలు పోయించుకోడానికీ, రిపేరుకీ. అంతే! తిరగని బండి ఎవడిక్కావాలి? 15 ఏళ్లు దాటిన బండ్లన్నీ తుక్కే అని టీవీలో సెప్పీసినారు కూడాను.

పాత ఫైలు (రాయగడ):
తుక్కు మాట తప్పు. వయసు దాటితే తిరగకూడదన్న నిషేధం ఢిల్లీ చుట్టుపక్కలది, డీజిల్‌కి 10 ఏళ్లు, పెట్రోలుకి 15. ఒడిశాలో సొంత కారుకి ఫిట్‌నెస్ ఉంటే ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించుకోవచ్చు. కాకపోతే ఖర్చు పెరిగింది. 2022 ఏప్రిల్‌లో కారు రెన్యువల్ 600 నుంచి 5,000 అయింది, 20 ఏళ్లు దాటినవాటికి 2025లో 10,000 చేశారు. ఆలస్యానికి నెలకి 500 చొప్పున అదనం. తిప్పుకోవాలనుకునేవాడు ఈ దారి పడతాడు, దాచుకోవాలనుకునేవాడు వింటేజ్ దారి పడతాడు. ఏ దారైనా కొనేవాడి ఇష్టం. అమ్మేవాళ్లు రెండూ తెరిచి ఉంచితే చాలు.

హ్యాండ్ గేరు (జయపురం):
శీను అన్న మాట సగం ఒప్పుకుంటాను. రంగు వద్దు, సరే. కానీ ఇంజిన్ జామ్ అని చెప్పి అమ్మితే కొనేవాడు "మొత్తం పోయింది" అనుకుని బేరం ఆడతాడు. తిరుగుతుందని చూపించగలిగితే బేరం మారుతుంది. నాకూ ఒక మార్క్ టూ ఉంది, పిచ్చి కొద్దీ బాగుచేసుకున్నాను. కాబట్టి తెలిసే చెబుతున్నా.

నాలుగు ప్లగ్గులూ విప్పండి. ఆ బెజ్జాల్లోంచి డీజిలూ ఇంజినాయిలూ కలిపి కొద్దికొద్దిగా పోయండి. కొన్నాళ్లు అలా నాననివ్వండి, మధ్యలో మళ్లీ పోస్తూ ఉండండి. తర్వాత గేరు న్యూట్రల్లో పెట్టి, ముందు నుంచి హ్యాండిల్ రాడ్డు దూర్చి అటూ ఇటూ మెల్లగా కదపండి. కొత్త బ్యాటరీ తగిలించి సెల్ఫ్ కొట్టారో, రింగులు విరుగుతాయి. విడిభాగాల భయం పెట్టుకోకండి. కంపెనీ 2014లో ఉత్పత్తి ఆపేసినా కోల్‌కతా మల్లిక్ బజార్లో అంబాసిడర్ సామాను దొరుకుతూనే ఉంది. మార్క్ టూ సన్న గళ్ల గ్రిల్లు, తలుపుల హ్యాండిళ్లు, హబ్ క్యాపుల్లాంటివి దొరకడమే కష్టం. అవి మీ బండికి ఉన్నాయంటే ఎవరికీ విడిగా ఇవ్వకండి.

షెడ్డు శీను (బరంపురం):
తిప్పి చూపించడం వరకు సరే. స్టార్ట్ చేయబోకండి. పాత పెట్రోలు ట్యాంకులో గడ్డకట్టి జిగురైపోయి ఉంటుంది, అది కార్బురేటర్లోకి పోతే మీకు ఇంకో పని. స్టార్ట్ అయినా ఎంతసేపు? పొగ చూసి కొనేవాడు ఇంకా తగ్గిస్తాడు.

కోటవీధి (పర్లాకిమిడి):
శీను గారూ, మ్యాటు ఎత్తాం. కింద గోనెపట్టా ఒకటి అతుక్కుపోయి ఉంది, దాన్ని లాగితే రేకు పొరలు పొరలుగా దానితోపాటే లేచింది. డ్రైవరు మడమ ఆనే చోట స్క్రూడ్రైవరు పిడి దాకా దిగిపోయింది, ఆ బెజ్జంలోంచి షెడ్డు నేల కనబడుతోంది. పట్టీ మాత్రం రెండు వైపులా టంగుమంది, ఎక్కడా దిగలేదు. షెడ్డువాళ్లని అడిగితే "అవన్నీ రంగు కింద కనబడవమ్మా" అన్నారు. తమ్ముడు ఆ మాట విన్నాక మెత్తబడ్డాడు.

హ్యాండిల్ రాడ్డు డిక్కీలో స్టెప్నీ కింద దొరికింది. ప్లగ్గులు విప్పి నానబెట్టాం. నిన్న పొద్దున కాస్త కదిలింది, సాయంత్రానికి చుట్టూ తిరిగింది. తమ్ముడు వీడియో తీశాడు. ఇంజిన్ నంబరు కిరసనాయిలుతో తుడిచి ఆర్సీతో పోల్చాం, కలిసింది. విశాఖ ఆయనకి వీడియో, బెజ్జం ఫోటో రెండూ పంపాను. ఆర్సీ మా పేరుకి మారాక ఇస్తే లక్షా నలభై ఇస్తానన్నాడు. ఇప్పుడే కావాలంటే, తాతగారి పేరు మీదే, తొంభైకి ఈ రాత్రే లారీ పంపిస్తానన్నాడు. ఏవో ఫారాల మీద ఖాళీగా సంతకాలు పెట్టమంటున్నాడు. అమ్మకి ఈ గోల త్వరగా వదిలితే చాలని ఉంది.

పాత ఫైలు (రాయగడ):
ఖాళీ ఫారాలు ససేమిరా వద్దు. రికార్డులో ఎవరి పేరుంటే వాళ్లే యజమాని, ప్రమాదం జరిగితే పరిహారం బాధ్యత వాళ్లదే అని 2018లో సుప్రీంకోర్టు నవీన్ కుమార్ కేసులో తేల్చింది. పేరు తాతగారిది, ఖాళీ ఫారాల మీద సంతకాలు మీవి. మీకెలా చుట్టుకుంటుందో చూసుకోండి. అసలు ఆయన రెండు ధరలు చెప్పినప్పుడే తెలిసిపోయింది కదా, మధ్యలో ఉన్న యాభై వేలు కాయితాలవి. రెండున్నర లక్షలు తగలేసి రంగు కొట్టించడం కంటే తహసీల్దారు ఆఫీసు చుట్టూ తిరగడం చవక.

మిల్లు బాబాయ్ (గుణుపురం):
తిరిగినోడికి తెలుస్తాది చవకో కాదో.

కోటవీధి (పర్లాకిమిడి):
మా మేనత్త జయపురంలో ఉంటుంది. సంతకానికి ఆదివారం వెళ్తున్నాం. ఒక సందేహం: బండి ఇక్కణ్ణుంచి విశాఖ తీసుకెళ్లే ఖర్చు ఎవరిది? తాడు కట్టి లాక్కెళ్తానంటున్నాడు.

షెడ్డు శీను (బరంపురం):
ఖర్చు ఆయనదే, ముందే రాయించుకోండి. తాడు మాత్రం వద్దు. బ్రేకులు పట్టేసి ఉంటాయి, బంపరు ఊడి చేతికొస్తుంది. వెనక పలక దించే లారీ తెచ్చుకోమనండి. ఎక్కించే ముందు డిక్కీలో ఉన్న సామానంతా ఫోటోలు తీసి జాబితా రాసి ఆయన చేత సంతకం పెట్టించండి.

మిల్లు బాబాయ్ (గుణుపురం):
ఆయనతో బేరం కుదరకపోతే నాకు సెప్పమ్మా. లక్షా యాభైకి నేనే తీసుకుంటాను. డీజిలు మాట ఎత్తనులే.

హ్యాండ్ గేరు (జయపురం):
బాబాయ్, ఆ మాట రాసివ్వండి. నేను సాక్షి సంతకం పెడతాను.