కాపర్‌బ్యాండ్ బటర్‌ఫ్లై మేత ముట్టడంలేదు (తిరుపతి)

కొర్లగుంట_రీఫ్:
నాలుగడుగుల ట్యాంకు, 300 లీటర్లు. కొత్తగా వేసిన కాపర్‌బ్యాండ్ (ఉప్పునీటి చేప) రాళ్లను పొడుచుకుంటా తిరుగుతుంది గానీ పెల్లెట్లు (గుళికల మేత), బ్రైన్ ష్రింప్ (బుల్లి రొయ్యల్లాంటి మేత) ముట్టడంలా. తల వెనక పీక్కుపోతా ఉంది. సాలినిటీ (నీళ్ల ఉప్పదనం) 1.025, అమ్మోనియా సున్నా, నైట్రేట్ 15. మధ్యాహ్నం నీళ్లు 30 డిగ్రీలు దాటుతున్నాయి. తోడుగా రెండు డామ్‌సెల్ చేపలు, జత క్లౌన్ చేపలు ఉన్నాయి. పోసేది ఇంట్లో తాగే ఆర్వో నీళ్లు. వెల్లుల్లి రసం కలిపితే తింటుందా అన్నా?

ఉప్పునీటి_సామి:
పొడుస్తోందంటే ఆకలుంది. ఆ పొడుగు మూతి సందుల్లోని పురుగుల్ని లాక్కునేందుకు. తేలే పెల్లెట్ దానికి మేతని తెలీదు. ఆల్చిప్పతో మొదలుపెట్టండి. పులికాట్ వైపువో, చెన్నై మార్కెట్‌వో, ఉప్పునీటివి తెచ్చి డీప్ ఫ్రీజర్లో వారం పెట్టండి. కరిగాక పైచిప్ప ఊడదీసి, మాంసమున్న చిప్పను రాతిసందులో ఇరికించండి. గంటకల్లా తీసెయ్యాలి, ఈ ఎండలకి అంతకు మించితే నీళ్లు కుళ్లుతాయి.

పొడవడం అలవాటయ్యాక ఆ మాంసంలో మైసిస్ (రొయ్యపిల్లల్లాంటి ఫ్రోజెన్ మేత) గుచ్చండి, తర్వాత ఖాళీ చిప్పలో మైసిస్ ఒక్కటే, ఆఖరికి నీళ్లలో విడిగా. మైసిస్‌ని కరిగించి టీ వడపోతలో కడిగి వెయ్యండి. రోజుకి మూడు నాలుగు సార్లు, కొంచెం కొంచెంగా. బ్రైన్ ష్రింప్ తిన్నా అందులో బలం తక్కువ. వెల్లుల్లిని నేనైతే నమ్మను.

డామ్‌సెల్స్ తరుముతుంటే ఇదంతా దండగ. చిల్లుల ప్లాస్టిక్ బుట్టలో కాపర్‌బ్యాండ్‌ని వేరుచేసి అందులోనే మేపండి. డామ్‌సెల్స్‌ని ఎవరికైనా ఇచ్చేస్తే ఇంకా మేలు.

టీడీఎస్_మీటర్:
తాగే ఆర్వోలో టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాల మోతాదు) కంట్రోలర్ రుచి కోసం బోరునీళ్లు కొంత కలుపుతుంది. మెంబ్రేన్ (ఆర్వోలో నీళ్లు వడగట్టే పొర) నుంచి వచ్చే పైపును ఆ కంట్రోలర్‌కి ముందే తీసి, డీఐ రెసిన్ (మిగిలిన లవణాల్ని పీల్చే గుళికలు) గుండా పంపండి. టీడీఎస్ మీటర్ 0 నుంచి 5 లోపు చూపాలి. ఆవిరైన నీళ్లకి బదులు ఉప్పు కలపని ఈ శుద్ధి నీళ్లే పోయాలి, ఉప్పునీళ్లు కాదు.

30 డిగ్రీల నీళ్లలో ఆక్సిజన్ తగ్గుతుంది, చేపకి ఖర్చయ్యే శక్తి పెరుగుతుంది. తినని చేప ఇంకా త్వరగా చిక్కుతుంది. నీటి మీదకి రెండు ఫ్యాన్లు పెడితే రెండు మూడు డిగ్రీలు దిగుతుంది. మే నెలకి చిల్లర్ (నీళ్లు చల్లబరిచే మిషన్) తప్పదు. 25, 26 దగ్గర నిలకడగా ఉంచండి. కరెంటు పోయినప్పటికి బ్యాటరీ ఎయిర్ పంపు తప్పనిసరి.

కొర్లగుంట_రీఫ్:
మా ఆర్వోకి రాగి క్యాట్రిడ్జ్ కూడా ఉందన్నా. చేపలకి రాగి మందు వాడతారు కదా, ఫర్వాలేదా?

టీడీఎస్_మీటర్:
వెంటనే ఆపండి. రాగి రాళ్లలో, ఇసుకలో పేరుకుంటుంది. రొయ్యలు, నత్తలు, కోరల్స్ పోతాయి. చేపకి మేతయ్యే పురుగులూ పోతాయి. ఇప్పటికే వాడుంటే యాక్టివేటెడ్ కార్బన్‌తో పాటు రాగిని పీల్చే రెసిన్ వేసి, టెస్ట్ కిట్‌తో సున్నా వచ్చేదాకా చూడండి.

ఉప్పునీటి_సామి:
మందుగానైనా, తినని కాపర్‌బ్యాండ్‌కి రాగి వద్దు, ఉన్న ఆకలి కూడా చస్తుంది. రాళ్లకి ఒళ్లు రుద్దుకుంటున్నా, ఊపిరి వేగంగా తీస్తున్నా ఫ్లూక్స్ (చేప ఒంటిని, మొప్పల్ని పట్టే పరాన్నజీవి పురుగులు) కావచ్చు, ఈ జాతికి అవి ఎక్కువ. వేరే ట్యాంకులో ప్రాజిక్వాంటెల్ (పురుగుల మందు) లీటరుకి 2.5 మిల్లీగ్రాములు, వారం తర్వాత మరో డోసు. ఎయిర్ స్టోన్ (గాలి బుడగలు వదిలే రాయి) బాగా నడవాలి, స్కిమ్మర్ (నురగతో మురికి తీసే పరికరం), కార్బన్ ఆపాలి. దాక్కునేందుకు పీవీసీ పైపు ముక్కలు చాలు. ఆ ట్యాంకులోనూ ఆల్చిప్ప పెట్టడం మానొద్దు.