స్కూల్ వర్క్‌షాప్‌కి ఏ సీఎన్‌సీ మిషన్ తీసుకుంటే మంచిది?

గుంటూరు దగ్గర మా హైస్కూల్‌కి పూర్వ విద్యార్థులు సీఎన్‌సీ మిషన్ (కంప్యూటర్ ప్రోగ్రామ్‌తో లోహాన్ని కోసేది) కొనిస్తామంటున్నారు. వర్క్‌షాప్‌లో ఇప్పటికి ఒక పాత లేత్, డ్రిల్లింగ్ మిషన్ ఉన్నాయి. తొమ్మిదో తరగతి పిల్లలు అల్యూమినియం, ఇత్తడి మీద చిన్న పార్టులు చేస్తే చాలు. అప్పుడప్పుడూ మైల్డ్ స్టీల్ కూడా.

రెండు కొటేషన్లు వచ్చాయి. ఒకటి 2.2 కిలోవాట్ల స్పిండిల్ (కోసే టూల్‌ని తిప్పే భాగం) ఉన్న రౌటర్, అంటే ఎక్కువగా చెక్క, ప్లాస్టిక్ లాంటివి కోసే రకం. బెడ్ పెద్దది, రేటు తక్కువ, చూడ్డానికి బాగుంది. కానీ స్పిండిల్ 24,000 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) రకం. 10 మి.మీ. హెచ్‌ఎస్‌ఎస్ (హైస్పీడ్ స్టీల్) ఎండ్‌మిల్ అనే కోసే టూల్‌తో స్టీల్ కోయాలంటే 800 ఆర్‌పీఎం దగ్గర తిరగాలి. అంత తగ్గిస్తే దీనికి టార్క్ (తిప్పే బలం) ఉండదు. పైగా ఫ్రేమ్ అల్యూమినియం ప్రొఫైల్, వణుకుతుందేమోనని అనుమానం. రెండోది పోతపోసిన ఇనుప బాడీతో చిన్న వర్టికల్ మిల్, అంటే నిలువు స్పిండిల్‌తో లోహం కోసే మిషన్. బెడ్ చిన్నది, ధర ఎక్కువ. నా మనసు దీని మీదే ఉంది.

మాకు సింగిల్ ఫేజ్ కరెంటే ఉంది. మిల్ దాని మీద ఇబ్బంది లేకుండా నడుస్తుందా? మిషన్‌ని నడిపే కంట్రోలర్‌గా పీసీ మీద పనిచేసే మాక్3 సాఫ్ట్‌వేర్ సరిపోతుందా, లేక రేపు పిల్లలు ఆటోనగర్‌లో పనికి వెళ్తే పనికొచ్చేలా ఫ్యాక్టరీల్లో వాడే ఫానుక్ కంపెనీ తరహాది అడగాలా? తలుపు తెరిస్తే స్పిండిల్ ఆగే ఇంటర్‌లాక్‌ని డీలర్ "ఆప్షనల్ సార్" అంటున్నాడు. పిల్లలుండే చోట అది ఆప్షనల్ ఎలా అవుతుందో నాకర్థం కాలేదు! తర్వాత విడిగా పెట్టించుకోవచ్చా?

ఐటీఐల్లో, పాలిటెక్నిక్‌లలో ఇలాంటివి నడిపినవాళ్లు, ముఖ్యంగా సర్వీసు, టూల్స్ ఖర్చు ఏడాదికి ఎంతవుతుందో చెప్పగలరు.