గురుగుం జెంచలిఁ దుమ్మి: ఆ గురుగు మన గునుగేనా?

బోడుప్పల్ వాసి: నిన్న ఘట్‌కేసర్ దిక్కు పోతుంటే గోడ కట్టని ప్లాట్లల్ల గునుగు విరగబూసి కనిపించింది. అప్పటిసంది కృష్ణదేవరాయల పద్యం ముక్క నోట్లె నానుతున్నది. ‘గురుగుం జెంచలిఁ దుమ్మి...’ ఎనక చింతచిగురు వస్తది, నడుమ మరిచిన. మా నాయన ‘గునుగుం జెంచలి’ అనే చదివేది, బతుకమ్మల పేర్చే పువ్వు ఇదే అనేది. ఏది పాఠం?

చిక్కడపల్లి మాస్టారు: ‘లేఁ దగిరసాకుం దింత్రిణీ పల్లవో/త్కరముం గూడఁ బొరంటి’. ఆముక్తమాల్యద, నాలుగో ఆశ్వాసం. నాన్నగారి మీద గౌరవంతోనే చెబుతున్నాను, ‘గును’ పొసగదు. తక్కిన మూడు పాదాలూ ‘త్కర’, ‘గిర’, ‘కెరు’. ప్రాస రేఫ, అంటే ప్రతి పాదంలో రెండో అక్షరం ‘ర’. అక్కడ నకారం పెడితే మత్తేభ వృత్తం కుంటుతుంది.

వనస్థలిపురం: నడక కుంటదు మాస్టారూ, ప్రాస ఒక్కటే చెడుతుంది. 🙂 పైగా ప్రాస చెప్పేది రాయలు ఏమన్నాడో. మొక్క ఏదో చెప్పదు. మాది కృష్ణా జిల్లా. మా వైపు గురుగాకు అంటాం, మీ గునుగూ అదే. లేతప్పుడు పప్పులో వేస్తాం, వెన్ను తీశాక ఎవరూ ముట్టరు. రాయల పద్యం వాన ముసురులోది, కనుక ఆయన చూసింది ఆకు. బోడుప్పల్ గారు చూసింది పువ్వు.

పాలమూరు పిల్ల: మా అమ్మమ్మ గురుగులంటే ఆడుకునే బుడ్డ కుండలే అంటది. మొక్క గునుగే. తలకాయ ఊపుకుంట గునగున నిలవడ్డట్టుంటది, అందుకే ఆ పేరు.

చిక్కడపల్లి మాస్టారు: గునగున నడుస్తారమ్మా, నిలబడరు. రెండు గకారాల నడుమ రేఫ నకారమైంది, అంతే. మునగ, ములగ చూడండి.

వనస్థలిపురం: అది లకారం.

మొక్కల పిచ్చి, ఉప్పల్: తోటకూర కుటుంబం, సెలోసియా అర్జెంటియా. తొలకరికి మొలిచి, దసరాకు పూసి, ఆవగింజ కన్నా సన్నటి నల్ల గింజ రాల్చి అదే ఏడు చస్తుంది. జొన్నచేలో, మక్కచేలో, బీడులో ఎక్కడైనా లేస్తుంది. రైతుకు కలుపు. ఎర్రగా ముద్దగా పూసే సీతజడ దీని దగ్గరి చుట్టమే, రెండూ కలపకండి. పద్యంలో పక్కనున్న తుమ్మి కూడా ఏడాది మొక్కే. వినాయక చవితికి తుమ్మికూర తినేవాళ్లకు రాయల వంటకం కొత్తేం కాదు.

చిక్కడపల్లి మాస్టారు: వంటకం అన్నారు కనుక: చింతచిగురు కూర రాయల సొత్తు కాదు. ‘తింత్రిణీ పల్లవ యుక్తమౌ నుడుకు బచ్చలి శాకము జొన్నకూటితో’ అని శ్రీనాథుడిదిగా చెప్పుకునే చాటువు ఉండనే ఉంది. దవాగ్ని మింగానని నిక్కే కృష్ణుణ్ణి, ఒక్క ముద్ద దిగమింగి చూపమంటాడు! పల్నాటి తిండి మీద అంత కసి ఇంకెవరికుంది?

వనస్థలిపురం: శ్రీనాథుడికి ఆ ముద్ద గొంతు దిగలేదు. రాయల పద్యంలో రెడ్లు ఈ కూడు ‘మెక్కి’ మంచమెక్కారు. ఆ క్రియలోనే ఉంది తేడా అంతా. వేడి వేడి ఆరికల అన్నం, ఆకుకూర పొరటు, పక్కన ‘మేకెరువుం గుంపటి’. సింహాసనం మీది మనిషి ఇదంతా ఎప్పుడు చూశాడో! (ఆరికలు ఇప్పుడు సన్నబియ్యం కంటే ఖరీదు, అది వేరే ఏడుపు.)

పాలమూరు పిల్ల: ఎరువు కుంపటంటే బదులు తెచ్చుకున్నదా?

చిక్కడపల్లి మాస్టారు: మేక ఎరువు, అంటే మేక పెంటికల కుంపటమ్మా. ఊరి పెత్తనం చేసే రెడ్డికి కుంపటి బదులు తెచ్చుకునే గతేమిటి?

వనస్థలిపురం: ముసురులో అందరి పెంటికలూ తడుస్తాయి. రెడ్డివీ తడుస్తాయి. ఆ పిల్ల అర్థాన్ని అంత తేలిగ్గా తీసేయకండి.

బోడుప్పల్ వాసి: నా పువ్వు సంగతి యాడికో పోయింది. సరే, మా నాయన పుస్తకం తీసి చూసిన. అచ్చులో ‘గురుగుం’ అనే ఉన్నది. రు మీద పెన్సిల్‌తో కొట్టేసి, పైన ‘ను’ అని రాసిండు.

చిక్కడపల్లి మాస్టారు: ఏ ముద్రణ? ఆ పుట ఫొటో పెట్టండి.