సమస్య: బట్టలుతుక చేపవంశ మణగె

సంచాలకుడు: జర్మనీ, స్విట్జర్లాండ్, ఆస్ట్రియాల నడుమ బోడెన్ సరస్సు. దాని లోతుల్లో ‘కిల్చ్’ అనే తెల్లచేప ఉండేది. వలలో పైకి లాగితే గాలితిత్తి ఉబ్బి, గొంతు కింద బుడిపెలా కనబడేదట. 1970ల తర్వాత దొరకలేదు. కారణం చదివి ఈ పాదం ఇస్తున్నా, పూరించండి.

పేరిశాస్త్రి:
సబ్బునురుగులోని సత్తువ సరసిలో
పాచి పెంచె నడుగు ప్రాణవాయు
వుడిగె లోతులోన పుట్టక పిల్లలు
బట్టలుతుక చేపవంశ మణగె

మురుగుతో పాటు సబ్బుపొడిలోని ఫాస్ఫేట్లూ సరస్సులో కలిశాయి. పెరిగిన నాచు చచ్చి అడుగున కుళ్ళింది. కిల్చ్ గుడ్లు పెట్టేదీ ఆ అడుగునే.

గోదారిగట్టు: ‘పుట్టక పిల్లలు’ యతి కోసం తిరగేసిందని తెలిసిపోతోంది. అయినా ‘ప్రాణవాయు/వుడిగె’ అని విరిచిన చోట ఊపిరి నిజంగానే ఆగింది శాస్త్రిగారూ! పోయిన నెల ‘ఆక్సిజన్’ని సూర్యగణం చోట కూర్చోబెట్టింది మీరేనా అని అనుమానం.

పేరిశాస్త్రి: ఆ పద్యం ఇంకా మోస్తున్నారా? ముందు మీ పూరణ పెట్టండి.

ఓరుగల్లు కోకిల:
అడుగు వీడి కిల్చి యన్నల చెంతకు
జేరి మనువులాడె జీవకణము
లందు నిలిచె దాని లక్షణ మొక్కింత
బట్టలుతుక చేపవంశ మణగె

పాత పొలుసుల డీఎన్‌ఏ చూసి 2022లో తేల్చారు. అడుగున బతకలేక అదే సరస్సులోని తక్కిన తెల్లచేపలతో కలిసిపోయింది, దాని జన్యువులు కొన్ని వాటిలో ఇంకా ఉన్నాయి.

పేరిశాస్త్రి: అణగడమంటే దాగడం! భేష్. కానీ అమ్మా, అన్నలతో మనువేమిటి? బావలు అను.

గోదారిగట్టు: అంటే యతి ఎవరు చూస్తారు? ‘అడుగు’కి ‘బావ’ ఎలా కుదురుతాడు?

ఓరుగల్లు కోకిల: ‘వదలి యడుగు కిల్చి బావల చెంతకు’. ఇప్పుడో?

సంచాలకుడు: దివ్యంగా ఉంది, అదే ఉంచండి. ఇంకో చిత్రం వినండి. 1986లో స్విట్జర్లాండ్ బట్టల సబ్బుల్లో ఫాస్ఫేట్లు నిషేధించింది. మురుగునీటి శుద్ధీ పెరిగి సరస్సు తేటపడింది. ఇప్పుడేమో మేత చాలడం లేదని జాలర్ల గోల. 2024 నుంచి మూడేళ్ళు తెల్లచేపల వేటే ఆపేశారు.

గోదారిగట్టు: ఉతికినా తంటా, మానినా తంటా.

పేరిశాస్త్రి: అంతరించిందని రాసేసిన లోతునీటి చార్ చేప కూడా అదే సరస్సులో మళ్ళీ వలకు చిక్కింది. గోదారిగట్టుగారి పూరణ మాత్రం ఇంకా చిక్కలేదు.