స్పిట్‌ఫైర్ సిల్స్ తుప్పు: బాడీ ఎత్తి రెండు వైపులా ఒకేసారి కోసేయొచ్చా?

వేళచ్చేరి_షెడ్డు:
అందరికీ నమస్కారం. బండి 1968 ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ మార్క్ 3, పైకప్పు లేని పాత ఇంగ్లీషు స్పోర్ట్స్ కారు. కుడి వైపు సిల్ (డోర్ కింద పొడవునా ఉండే పెట్టె లాంటి రేకు) కింద స్క్రూడ్రైవర్ గుచ్చితే పిడి దాకా దిగిపోతోంది. ఎడమ సిల్ పైకి బాగానే కనిపిస్తోంది కానీ సుత్తితో తడితే రేకు మోత రావట్లేదు, తడిసిన అట్టపెట్టె మీద కొట్టినట్టుంది. కాళ్లు పెట్టుకునే చోట ఫ్లోర్ ముందు మూలల్లో అరచేతంత చిల్లులు. సీట్ల వెనక అడ్డంగా ఉండే రేకు కింది అంచు పొరలు పొరలుగా ఊడుతోంది. ఛాసీ (అడుగు చట్రం) మాత్రం గట్టిగా ఉంది.

ఇంట్లోనే చేద్దామని ఉంది. షెడ్డు, 15 ఆంప్స్ పాయింటు, సింగిల్ ఫేజ్ మిగ్ వెల్డింగ్ మెషీను, 4 అంగుళాల గ్రైండర్ ఉన్నాయి. వెల్డింగ్ గేట్లూ గ్రిల్సూ చేసేంత వచ్చు. హెరాల్డ్ కార్లు చాలా చేసిన టింకరింగ్ మేస్త్రి ఒకాయన వచ్చి చూసి, "బాడీ ఎత్తి పక్కన పెట్టి రెండు సిల్సూ కోసేద్దాం, రెండు రోజుల పని" అన్నారు. అలా చేయొచ్చా? రేకు ఏ గేజ్ (మందం) తేవాలి? అక్టోబర్ వానల్లోపు అవుతుందా?

పాతఇనుము:
ముందు ఆ రెండు రోజుల పని ఆపండి. మేస్త్రి గారికి పని రాక కాదు, ఆయన చెయ్యి హెరాల్డ్ మీద తిరిగింది, చిక్కంతా అదే. మన చెన్నై పక్కన వండలూరులో స్టాండర్డ్ కార్ల కంపెనీ వాళ్లు 1961 నుంచి హెరాల్డ్ తయారుచేశారు కాబట్టి మన ఊరి పాత మేస్త్రిలకు ఆ బండి కంఠతా వచ్చు. స్పిట్‌ఫైర్ కూడా దాన్నుంచి పుట్టిందే, ముందు సస్పెన్షన్ చూస్తే అన్నదమ్ముల్లా ఉంటాయి. కానీ హెరాల్డ్ ఛాసీకి రెండు పక్కలా రైల్స్ ఉంటాయి. దాని బయటి సిల్ బోల్టులతో తగిలించిన రేకే, విప్పి గోడకి ఆనించినా బండికి ఏమీ కాదు. స్పిట్‌ఫైర్‌కి ఆ పక్క రైల్స్ లేవు, మధ్యలో వెన్నుపూస లాంటి ఛాసీ ఒక్కటే. పక్కల బలం మొత్తం సిల్స్‌దే. పైగా వెనక చక్రం ముందుకీ వెనక్కీ జరగకుండా పట్టి ఉంచే రేడియస్ ఆర్మ్ ముందు కొస ఛాసీకి కాదు, బాడీకి బిగించి ఉంటుంది. పొరలు ఊడుతోందని మీరు రాసిన అడ్డ రేకు దగ్గరే అది. అంటే తుప్పు పట్టింది అందానికి కాదు, సస్పెన్షన్‌కి.

కాబట్టి బాడీ ఛాసీ మీదే ఉండాలి, బోల్టులు బిగించే ఉండాలి. పైకప్పు లేని బాడీని సిల్స్ పోయాక ఎత్తితే మధ్యలో వంగిపోతుంది. వంగిన కొలతల మీద కొత్త సిల్ వెల్డ్ చేస్తే ఆ వంకర శాశ్వతం, తర్వాత ఏ డోరూ పడదు.

బండిని సమతలంగా ఉన్న సిమెంటు నేల మీద నాలుగు స్టాండ్ల మీద నిలబెట్టండి. స్టాండ్లు ఛాసీ కిందే, బరువు చక్రాల దగ్గర పడినట్టే పడాలి. మధ్యలో జాకీ పెట్టొద్దు. స్పిరిట్ లెవెల్ పెట్టి, తేడా ఉంటే స్టాండు కింద పలచని రేకు ముక్కలు సర్దండి. బాడీకీ ఛాసీకీ మధ్య ప్యాకింగులు నలిగిపోయి ఉంటే అవి ముందే మార్చాలి. సిల్ అయ్యాక మారిస్తే డోర్ గ్యాపులు మళ్లీ మారతాయి.

తర్వాత కొలతలు. రెండు డోర్లూ మూసి, గ్యాపులు పైన, మధ్యలో, కింద రాసుకోండి. 4 నుంచి 5 మి.మీ. సమానంగా ఉంటే అదృష్టమే. డోర్ వెనక గ్యాపు పైన సన్నబడి కింద వెడల్పయిందంటే బాడీ ఇప్పటికే మధ్యలో కుంగింది, కోతకు ముందే దాన్ని లేపి సరిచేయాలి. పై కబ్జా (డోర్ హింజ్) బోల్టు నుంచి లాక్ స్ట్రైకర్ (లాక్ పట్టుకునే కొక్కెం) దాకా రెండు వైపులా కొలవండి, ఎడమ ముందు నుంచి కుడి వెనక్కి ఐమూల కొలత కూడా. అన్నీ మార్కర్‌తో గోడ మీదే రాసేయండి, కాగితాలు గ్రైండింగ్ పొడిలో కనిపించకుండా పోతాయి.

ఇక డోర్ ఖాళీకి అడ్డు కట్టు. 25 మి.మీ. స్క్వేర్ ట్యూబు, 2 మి.మీ. మందం. ముందు స్తంభం నుంచి వెనక స్తంభానికి ఒకటి ఎత్తుకి సగంలో, ఒకటి ఏటవాలుగా. ఎడమ కట్టుకీ కుడి కట్టుకీ మధ్య అడ్డంగా ఇంకొకటి. ఆ తర్వాత ఒక్క వైపే కోయండి. అది పూర్తిగా వెల్డ్ అయ్యి డోర్ పడ్డాకే రెండో వైపు.

గిండీ_ఫాబ్రికేటర్:
పాతఇనుము గారు చెప్పింది అక్షరాలా నిజం. అయితే అడ్డు కట్టు గురించి ఒక మాట. చాలామంది సులువుగా ఉంటుందని కబ్జా బోల్టు రంధ్రాల్లోనే కట్టు బిగిస్తారు. అప్పుడు డోర్ వేలాడదీయడానికి చోటుండదు, డోర్ లేకుండా సిల్ సరిగ్గా ఉందో లేదో తెలియదు. కట్టును స్తంభాల లోపలి ముఖాల మీద టాక్ (చిన్న చుక్క వెల్డ్) చేయండి, డోర్ మూసినా తగలకుండా. రేపు టాక్‌లు గ్రైండ్ చేసేయొచ్చు.

రేకు సంగతి. ఒక సిల్‌లో మూడు పొరలు: లోపల ఫ్లోర్ అంచుకి కలిసే నిలువు రేకు, మధ్యలో బలానికి ఇంకొక రేకు, బయట మనకి కనిపించే వంపు సిల్. బయటిది మాత్రం ఇంగ్లండ్‌లో తయారయ్యే రెడీమేడ్ ప్యానెల్ తెప్పించుకోండి, ఆ వంపు ఇంట్లో రాదు. మిగిలినవి ఇక్కడే చేసుకోవచ్చు. సీఆర్‌సీ (కోల్డ్ రోల్డ్) షీటు, మధ్య రేకుకీ ఫ్లోర్‌కీ 18 గేజ్, అంటే 1.2 మి.మీ. నిండు 8 x 4 అడుగుల షీటు సుమారు 28 కిలోలు తూగుతుంది, ఆటో మీద తెచ్చేటప్పుడు వంచకుండా చూసుకోండి. అట్టతో నమూనా కోసి, అంబత్తూరులోనో గిండీలోనో షీట్ బెండింగ్ షాపులో ఇస్తే పావుగంటలో మడిచి ఇస్తారు. పుదుపేటలో పాత బండ్ల రేకులు చవగ్గా దొరుకుతాయి కానీ వాటి పెయింటు కింద ఏముందో మీకు తెలియదు. జీపీ షీటు తేవద్దు. దాని మీద జింక్ పూత వెల్డింగ్‌లో పొగై చలిజ్వరం తెప్పిస్తుంది, వెల్డ్‌లోనూ సూది బెజ్జాలు వస్తాయి.

కోత: పాత సిల్‌ని కటింగ్ వీల్‌తో అంచు నుంచి 15 మి.మీ. వదిలి కోసి తీసేయండి. మిగిలిన పట్టీ స్పాట్ వెల్డుల మీద ఉంటుంది. వైర్ బ్రష్ కొడితే స్పాట్‌లు గుండ్రంగా పల్లంగా కనిపిస్తాయి. ఒక్కోదాని మధ్యలో సెంటర్ పంచ్ కొట్టి, 8 మి.మీ. స్పాట్ వెల్డ్ డ్రిల్లుతో పై పొర వరకే తొలచండి. కింది పొర కూడా తొలిచేస్తే కొత్త రేకు అతకడానికి ఏమీ మిగలదు. తర్వాత పలచని ఉలితో ఒలుచుకోవడమే.

వరస లోపలి నుంచి బయటికి: ఫ్లోర్ మూలలు, లోపలి నిలువు రేకు, మధ్య రేకు, చివరికి బయటి సిల్. ప్రతి పొరకీ ముందు క్లాంపులు, తర్వాత డోర్ వేలాడదీసి మూసి చూడటం, ఆ తర్వాతే వెల్డింగ్. విసుగు పుట్టే పని, వేరే దారి లేదు.

వెల్డింగ్: గేటు వెల్డింగ్ వేరు, ఇది వేరు. గేటుకి 3 మి.మీ. పట్టీ ఎంత వేడైనా తట్టుకుంటుంది, ఇక్కడ 0.9 నుంచి 1.2 మి.మీ. రేకు కన్ను మూసి తెరిచేలోపు చిల్లు పడుతుంది. 0.6 మి.మీ. వైరు, దొరక్కపోతే 0.8. గ్యాసు ఆర్గాన్ మిక్స్, నిమిషానికి 8 నుంచి 10 లీటర్లు. ఉత్త సీఓటూతో కూడా అవుతుంది కానీ చిటపటలు ఎక్కువ, పలచని రేకు త్వరగా కాలిపోతుంది. ఫ్లక్స్ వైరు ఈ పనికి వద్దు. పై రేకుకి 25 నుంచి 30 మి.మీ. దూరంలో 6 మి.మీ. రంధ్రాలు పెట్టి, రెండు రేకులూ క్లాంపుతో గాలి దూరకుండా నొక్కి, రంధ్రం మధ్యలో కింది రేకు మీద ఆర్క్ మొదలుపెట్టి నింపండి. రంధ్రం అంచున మొదలుపెడితే పైన బుడిపె లేస్తుంది, కింద అంటదు. చూడ్డానికి వెల్డ్ లాగే ఉంటుంది, అదే మోసం.

అందుకే బండి ముట్టుకునే ముందు అదే రేకు ముక్కలు రెండు తీసుకుని అలాగే ఒక వెల్డ్ వేసి, వైస్‌లో బిగించి పట్టకారుతో ఒలవండి. వెల్డ్‌తో పాటు కింది రేకులోంచి ముక్క చిరిగి రావాలి, చిల్లు పడాలి. బొత్తాంలా టక్కున ఊడి వచ్చిందా, కరెంటు పెంచి మళ్లీ. పది వరసగా చిరిగేదాకా బండి దగ్గరికి వెళ్లొద్దు.

అంచుకి అంచు కలిపే చోట గీత లాగకండి. 20 మి.మీ.కి ఒక టాక్, ఈ చివర ఒకటి, ఆ చివర ఒకటి, మధ్యలో ఒకటి, ఇలా తిప్పుతూ ఖాళీలు నింపండి. చెయ్యి పెట్టగలిగేంత చల్లారాకే పక్క టాక్. తొందరపడితే రేకు అప్పడంలా అలలు తిరుగుతుంది. సాయంత్రం సముద్రపు గాలి మొదలయ్యాక షెడ్డు తలుపు దగ్గర వెల్డ్ చేయకండి, గ్యాసు కొట్టుకుపోయి వెల్డ్ స్పంజిలా అవుతుంది. ఫ్యాన్ కూడా ఆపాలి. చెమటలకి సిద్ధపడండి.

వేళచ్చేరి_షెడ్డు:
చాలా థ్యాంక్స్ అన్నా ఇద్దరికీ. కట్టు మొదలుపెడతాను. రేడియస్ ఆర్మ్ దగ్గర రేకు మార్చేటప్పుడు ఆ బ్రాకెట్ విప్పాలా? ఇంకొకటి, ఎడమ సిల్ పైకి బాగానే ఉంది కదా, లోపల రస్ట్ కన్వర్టర్ (తుప్పుని నల్లటి పొరగా మార్చే మందు) పోసి వదిలేయొచ్చా?

పాతఇనుము:
కన్వర్టర్ పని చేసేది కింద గట్టి ఇనుము ఉన్నప్పుడు, పైపై తుప్పు మీద. మూసిన పెట్టెలో పోస్తే పొరల మీద పొరే నల్లబడుతుంది, కింద తినేది తింటూనే ఉంటుంది. తడిసిన అట్ట మోత వచ్చిందంటే లోపలి రేకు పోయినట్టే. ఎడమది కూడా కోయాల్సిందే, కుడి వైపు పూర్తయ్యాక.

బ్రాకెట్ విప్పాలి, కానీ విప్పే ముందు చూడండి. బ్రాకెట్‌కీ బాడీకీ మధ్య షిమ్‌లు (పలచని రేకు బిళ్లలు) ఉంటాయి, వెనక చక్రం టో (ముందు కొస లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) సర్దుబాటు వాటితోనే. ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి, కుడివి కుడి కవర్లో, ఎడమవి ఎడమ కవర్లో, పేరు రాసి పెట్టండి. రంధ్రాల స్థానం మరీ ముఖ్యం. పాత రేకు కోసే ముందే, తుప్పు లేని రెండు చోట్ల నుంచి ప్రతి రంధ్రానికీ కొలతలు తీసి, 3 మి.మీ. పట్టీలో రంధ్రాలు తొలిచి జిగ్ (చోటు చెదరకుండా పట్టే అచ్చు) చేసుకోండి. కొత్త రేకుని ఆ జిగ్‌కి బోల్టు చేసి పట్టుకునే వెల్డ్ చేయాలి. ఇక్కడ 3 మి.మీ. తేడా వస్తే బండి ఒక వైపుకి లాగుతుంది, టైర్లు మార్చినా, ముందు చక్రాల అలైన్‌మెంట్ చేయించినా పోదు. ఇక్కడ ఒక పొర మీద ఇంకో పొర ప్యాచ్ వేయొద్దు, గట్టి రేకు దొరికేదాకా వెనక్కి కోయండి.

ఎగ్మోర్_నిప్పు:
ఎవరూ ఎత్తని విషయం, అందుకే రాస్తున్నా. ఈ బండి పెట్రోల్ ట్యాంకు సీట్ల వెనకే, డిక్కీ వైపు ఉంటుంది. మీరు వెల్డ్ చేయబోయే అడ్డ రేకుకి మూరెడు దూరంలో. ట్యాంకు విప్పి షెడ్డు బయట, వేరే చోట పెట్టండి. ఖాళీ ట్యాంకు నిండు దానికన్నా ప్రమాదం, లోపల ఉండేది ఆవిరి. పైపు కొసలు మూసేయండి. బ్యాటరీ తీసేయాలి, కార్పెట్లు, సీట్లు, వైరింగ్ పక్కకి. పాత సౌండ్ డెడెనింగ్ తారు పొర వెల్డ్‌కి అవతలి వైపు ఉంటే నెమ్మదిగా రాజుకుంటుంది, అరగంట తర్వాత పొగ కనిపిస్తుంది. గీకేయండి. పక్కన ఫైర్ ఎక్స్‌టింగ్విషర్, తడి గోనెపట్టా. పని ఆపాక గంట సేపు షెడ్డు వదలొద్దు.

గిండీ_ఫాబ్రికేటర్:
వానల గురించి అడిగారు. కొత్తగా చేసేవాళ్లకి ఒక్కో వైపు నాలుగైదు వారాంతాలు పడుతుంది. ఈశాన్య రుతుపవనాల్లోపు కుడి వైపు మూసేసి, ఎడమది జనవరికి పెట్టుకోవడం మేలు. మన ఊళ్లో గ్రైండ్ చేసిన రేకు రాత్రికి రాత్రే పసుపెక్కుతుంది, చెమట చెయ్యి పెట్టిన చోట వేలిముద్ర కూడా తుప్పుగా తేలుతుంది. అందుకని ఏ రోజు తెరిచిన ఇనుము ఆ రోజే ఎపాక్సీ ప్రైమర్. పొరల మధ్య అతుక్కునే ముఖాలకి మాత్రం వెల్డ్ త్రూ జింక్ ప్రైమర్ (వెల్డ్ చేయబోయే రేకుల మధ్య కొట్టేది), అదీ పలచగా, వెల్డ్ పడే రంధ్రం దగ్గర గీకేసి. రెడ్ ఆక్సైడ్ కొట్టి నిశ్చింతగా ఉండకండి, అది తేమని ఆపదు.

వెల్డ్‌లు గ్రైండ్ చేసేటప్పుడు రేకుతో సమానం అయ్యాక ఆగిపోండి. నున్నగా రావాలని ఇంకా అరగదీస్తే 0.9 రేకు 0.5 అయిపోతుంది, దాన్ని తర్వాత పుట్టీ దాచేస్తుంది. అన్ని అతుకుల మీదా బ్రష్‌తో పీయూ (పాలీయురిథేన్) సీమ్ సీలర్, అంటే అతుకులు మూసే లేపనం.

పెయింటు ఎండాక చివరి పని క్యావిటీ వ్యాక్స్ (లోపలి ఖాళీల్లో కొట్టే మైనం). సిల్‌కి మూడు చోట్ల రంధ్రం తొలిచి, పొడుగు ట్యూబు చివరి దాకా తోసి, వెనక్కి లాగుతూ కొట్టండి. ఒక్కో వైపుకి అర లీటరు దాకా తాగుతుంది. కింది అతుకుల్లోంచి కారుతుంటే మంచిదే, అక్కడికి చేరిందని అర్థం. రంధ్రాలకి రబ్బరు గ్రామెట్లు వేయండి. సిల్ కింద నీళ్లు పోయే రంధ్రాలు సీలర్‌తోనో వ్యాక్స్‌తోనో మూసుకుపోలేదని తీగ పెట్టి చూసుకోండి. వాడేసిన ఇంజన్ ఆయిల్ పొయ్యమని ఎవరైనా చెబితే వినొద్దు, రబ్బర్లు పాడవుతాయి, షెడ్డు నేల పాడవుతుంది.

పాతఇనుము:
ఒక్కటి మిగిలింది. బండికి 50 ఏళ్లు దాటాయి, వింటేజ్ రిజిస్ట్రేషన్‌కి వెళ్లే ఆలోచన ఉంటే 2021 నిబంధనల్లో ఛాసీ, బాడీ షెల్, ఇంజన్ మార్పులు చేసి ఉండకూడదని ఉంది. అసలు ఆకారంలోనే, అసలు చోటనే రేకు మార్చినట్టు ప్రతి దశలో ఫోటోలు తీసి పెట్టుకోండి, టేపు కొలత కనిపించేలా. ఛాసీ నంబరు పలక దగ్గర గ్రైండర్ పెట్టకండి, ముందే దాని మీద మాస్కింగ్ టేపు రెండు పొరలు వేసేయండి. కట్టు వెల్డ్ చేశాక డోర్ గ్యాపుల కొలతలు ఇక్కడ పెట్టండి, కోత మొదలుపెట్టే ముందు చూద్దాం.