సుకైనతు వర్రబాబూ: ఆ అచ్చు ఏది?

లగం: ప్రవక్త మనవడు హుసైన్ ఇబ్న్ అలీ తన భార్య మీద, కూతురి మీద చెప్పాడనే అరబీ పద్యం. "లఅమ్రుక ఇన్ననీ లఉహిబ్బు దారన్" వరకు వచ్చింది. తర్వాత "తకూను బిహా సుకైనతు వర్రబాబూ"నా, "తహుల్లు బిహా"నా? కూతురు సుకైనా, భార్య రబాబ్ ఉండే ఇల్లే నాకిష్టం అని భావం.

పాతబస్తీ: సుకైనతు కాదు భాయ్, సకీనతు. మొహర్రం నౌహాల్లో, అంటే శోకగీతాల్లో, బీబీ సకీనాయే. ఖురాన్‌లో మనశ్శాంతికి వాడిన మాటా అదే.

శకటరేఫ: నౌహా ఉర్దూది, పద్యం అరబీది. హసన్ నుంచి హుసైన్ ఎలా వచ్చిందో ఇదీ అంతే. మొదటి హల్లుకు ఉకారం, రెండోదానికి ఐత్వం, చిన్నది అనే అర్థం. అసలు పేరు ఆమినా (ఉమైమా అనీ అంటారు), సుకైనా అన్నది తల్లి రబాబ్ పెట్టిన ముద్దుపేరని జీవిత చరిత్రల రచయిత ఇబ్న్ ఖల్లికాన్ రాశాడు.

పాతబస్తీ: రాతలో రెండూ ఒకటే కదా! సీన్, కాఫ్, యే, నూన్, చివర తే. యే దీర్ఘమో ఐత్వమో చదివేవాడి గొంతులో ఉంది. ఛందస్సునే అడగండి.

లగం: అది కూడా చెప్పదు. ఈ పద్యం ఛందస్సు వాఫిర్‌లో ఆ చోట లఘువు, గురువు, లఘువు రావాలి. సుకైన జగణం, సకీన జగణం. తకూను, తహుల్లు కూడా జగణాలే. అందుకే కదా అడిగింది.

గసడదవ: "వ అల్ రబాబు" అని విప్పి చదివితే మాత్రం గణం చెడుతుంది. అల్‌లో అకారం లోపిస్తుంది, లకారం రేఫలో కలుస్తుంది. అన్నట్టు, రబాబ్ తండ్రి ఇమ్రుల్ కైస్ ముఅల్లకా అనే ప్రసిద్ధ ప్రాచీన పద్యం చెప్పిన కవి కాదు. ఆ కవి ఇస్లాంకు ముందే పోయాడు. ఈయన కల్బ్ తెగవాడు, ఖలీఫా ఉమర్ కాలంలో ఇస్లాంలోకి వచ్చాడు.

పాతబస్తీ: అయితే ఇద్దరనుకుందాం. కర్బలా తర్వాత షామ్ (సిరియా) చెరలో పోయిన నాలుగేళ్ల పిల్ల సకీనా. మదీనాలో హిజ్రీ 117లో, అంటే 735లో పోయిన ఆవిడ సుకైనా.

శకటరేఫ: చెరలో పోయిన పిల్లను డమాస్కస్‌లో, ఇరాన్‌లో రుకయ్యా అంటారు. అచ్చు మార్చినంత మాత్రాన మనుషులు ఇద్దరు కారు. "సకినా" అని హ్రస్వం మాత్రం పెట్టకండి, సంక్రాంతి సకినాలు గుర్తొస్తాయి. మదీనా ఆవిడ పేరు మీద ముంగురుల తీరు కూడా ఉంది, తుర్రా సుకైనియ్యా. మగవాళ్లు అలా దువ్వుకుంటే ఖలీఫా ఉమర్ ఇబ్న్ అబ్దుల్ అజీజ్ కొరడా దెబ్బలు కొట్టించి గుండు గీయించేవాడట.

గసడదవ: ఆ కాలపు కవి జరీర్‌ను మరిచారేం? రాత్రివేళ వచ్చిన ప్రియురాలితో "ఇది వచ్చే వేళ కాదు, క్షేమంగా వెళ్లు" అన్నాడు పద్యంలో. చెయ్యి పట్టుకుని లోపలికి పిలవొద్దా అని సుకైనా నిలదీసిందని పాటల, కవుల కథల పుస్తకం అఘానీలో ఉంది. అభిసారికను గుమ్మంలోంచే తిప్పి పంపడమేమిటి, పాపం!

శకటరేఫ: ఆ పద్యంలో ఆమె "సాయిదతుల్ ఖులూబ్", గుండెల్ని వేటాడేది. అరబీలో వేరువేరు అక్షరాలైన సాద్‌కూ సీన్‌కూ మనకున్నది ఒక్క స. తెలుగులో రాస్తే వేట కనబడదు.

లగం: నా తకూను సంగతో?

పాతబస్తీ: తహుల్లు అనండి. హల్ల అంటే దిగి బస చెయ్యడం. ఆ ఇద్దరూ ఎక్కడ దిగితే అదే ఇల్లు.

శకటరేఫ: పై పాదంలో "దార్" (ఇల్లు) అని ఉంది కదా, బస ఎలా అవుతుంది?

పాతబస్తీ: ఎడారి కవులకు విడిది కూడా దారే మాస్టారూ. పద్యాల్లో వదిలేసిన విడిది శిథిలాల దగ్గర వాళ్లు ఏడ్చేదంతా ఆ దార్ కోసమే.